మావ తోమిన ఉల్క

చేతికి కొత్తగా టచ్ ఫోను వచ్చిన ఆ రోజుల్లో, నాకు తెలియనిది ఈ భూమ్మీద లేదనుకునేవాణ్ణి. అందుకేనేమో, విజయనగరంలో ఎమ్మెస్సీ చదువుతుండగా మా సారు నాకు ఆకాశం నుంచి పడ్డదాన్ని అప్పజెప్పారు. అరచెయ్యంత ఇనుప ఉల్క ముక్క అది. దాని ముఖం నిండా సన్నటి పట్టీలు, కొన్ని దిక్కుల్లోనే సాగుతూ, ఒకదాన్నొకటి కోసుకుంటూ ఉంటాయి. దసరా సెలవుల్లో వాటి మధ్య కోణాలు కొలుచుకు రమ్మన్నారు. "అరువు తెచ్చిన ముక్కయ్యా. దీనికేమైనా అయితే నీ ప్రాజెక్టుకి నమస్కారం" అని కూడా అన్నారు.

సెలవులకి సాలూరులో మావ ఇంటికి వెళ్లాను. మావకి లారీల షెడ్డు ఉంది. ఆయుధపూజ నాడు అక్కడ ఇనుమన్నది ఏదీ తోమించుకోకుండా, బొట్టు పెట్టించుకోకుండా తప్పించుకోలేదు. నేను స్నానం చేసి వచ్చేసరికి నా ఉల్క, స్పానర్ల వరసలో పసుపు కుంకుమలతో అద్దంలా మెరుస్తోంది (పక్కన నిమ్మకాయ కూడా). పట్టీ ఒక్కటి లేదు. "ఒరే అల్లుడూ, నీ ఇనప ముక్క నిండా గీతలే. గ్రైండరు పెట్టి నేనే తీసేసినాను. సూడు, ఎలాగున్నాదో" అన్నాడు మావ గర్వంగా. సంగతి చెప్పేసరికి మావ మొహం నాకంటే ఎక్కువ పాలిపోయింది. "పద, మీ సారుకి నేనే సెప్తాను" అని మర్నాడు నాతో బస్సెక్కాడు.

సెలవుల్లోనూ ల్యాబు వదలని మా సారు ముక్కని అటూ ఇటూ తిప్పి, "మా కుర్రాళ్లకి ఇంత నున్నగా రాదండీ" అన్నారు. దాన్ని పళ్లెంలో పెట్టి, పల్చటి యాసిడ్ బ్రష్షుతో రాశారు. కాసేపటికి ఒక్కో పట్టీ పైకి తేలింది. అవే దిక్కులు, అవే కోణాలు. "ఇవి పైపై గీతలు కావండీ. పెద్ద స్ఫటికం ఒకటి లక్షల ఏళ్లు మెల్లగా చల్లారుతుంటే, దాని లోపలే ఇంకో ఖనిజం ఇలా పట్టీలుగా పుట్టింది. తల్లి స్ఫటికం అమరిక ఎటు ఒప్పుకుంటే అటే పెరిగింది. లోపలంతా ఇంతే" అన్నారు సారు. ఈ మాటే నేను పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. నమ్మింది మాత్రం అప్పుడే. ఒళ్లు జలదరించింది.

మావ మెల్లగా, "అయితే నా గ్రైండరు దీన్నేటీ సెయ్యనేదన్నమాట" అని, చెప్పులు విప్పి ఆ పళ్లేనికి దణ్ణం పెట్టాడు. వెనకే నేనూ గబుక్కున విప్పేశాను.

ఆ తరవాత పెద్ద పెద్ద మైక్రోస్కోపుల కింద ఎన్నో ఉల్కలు చూశాను. ప్రతిసారీ దణ్ణం పెట్టాలనే అనిపిస్తుంది. పక్కనవాళ్లు ఏమనుకుంటారోనని చెయ్యి జేబులోంచి రాదు. చెప్పులు విప్పిన ఆ కుర్రాడంటే ఇప్పుడు నాకు కాస్త అసూయ.