బాయి లోపల నిశ్శబ్దం ఉండదు

బొగ్గు పరీక్షించే ప్రయోగశాలలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. గనుల నుంచి వచ్చిన బొగ్గును పొడి చేయించి, కాల్చి, అందులో బూడిదెంత, తేమెంత అని చూసి రాయడం నా పని. రిటైరయ్యాక కరీంనగర్‌లో స్థిరపడి ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాశాను. ఎండలు భరించలేని కాలం వస్తుంది. బొగ్గు తీసి వదిలేసిన గనుల్లోకి మనుషులు కాపురాలు మారుస్తారు. సూర్యుణ్ని ఎన్నడూ చూడని ఒక పిల్ల అక్కడ పెరిగి పెద్దదవుతుంది. అదీ కథ.

నవల గురించి ఎవరేమన్నా ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. అది ప్రయోగశాల అలవాటు. మా చెల్లెలు సగం చదివి, ఊపిరి ఆడట్లేదని కిటికీలు తెరుచుకుందట. ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, అంత లోతుకు గాలి పంపడానికి నేను రాసిన ఫ్యాన్లు సరిపోవని ఉత్తరం రాశాడు. లెక్క వేసి చూస్తే అతను చెప్పిందే నిజం. కరీంనగర్‌లో పెట్టుకున్న చిన్న సభలో ఒక తెలుగు లెక్చరర్ మాత్రం తెగ మెచ్చుకున్నాడు. "భూగర్భంలోని నిశ్శబ్దమే ఈ నవలకు ప్రాణం" అన్నాడు. ఆ మాట నాకెంత నచ్చిందంటే, ఇంటికొచ్చి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను.

ఆ తర్వాత కొద్ది రోజులకు, పుస్తకం వెనక అచ్చేసిన నంబరు చూసి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేశాడు.

"మేడం, గీ బొగ్గుబాయి పుస్తకం రాసింది మీరేనా?"

"నేనేనండి."

"మాది మందమర్రి. బాయిల పనిచేసి రిటైరైన. లైబ్రరీల దొరికితే రెండుసార్లు సదివిన, మంచిగున్నది. ఒక్కటి అడుగుత, తప్పుగ అనుకోవద్దు. మీరు ఎన్నడన్న బాయిల దిగిండ్రా?"

మా దిక్కు గనిని బాయి అంటారు. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆడవాళ్లు అందులోకి దిగడానికి నియమాలు ఒప్పుకునేవి కావు. ఒకసారి అడిగితే మా అధికారి నవ్వి, "బొగ్గే మీ దగ్గరికి వస్తున్నది కదమ్మా" అన్నారు. మళ్లీ అడగలేదు.

"దిగలేదండి" అన్నాను.

"గట్లనే అనుకున్న. లోపల సప్పుడే ఉండదని రాసిండ్రు. బాయి ఎప్పుడూ మాట్లాడుతనే ఉంటది మేడం. అది ఇన్నోడే ఇల్లు చేరిండు."

ఏదో మర్యాదగా జవాబు చెప్పి పెట్టేశాను గానీ మనసు చివుక్కుమంది. లెక్చరర్ మెచ్చుకున్నది సరిగ్గా ఆ పేజీలనే. కల్పిత కథకు ఇంత పట్టింపు ఎందుకని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ ప్రయోగశాలలో కొలవకుండా ఏనాడూ ఒక్క అంకె రాయని మనిషిని, ఆ నిశ్శబ్దాన్ని మాత్రం నా గదిలో కూర్చుని ఊహించి రాశాను. మూడోరోజు నేనే ఫోన్ చేసి, వచ్చి వినవచ్చా అని అడిగాను.

"రాండ్రి. అన్నం మా ఇంట్లనే తినాలె" అన్నాడు.

పొద్దున్నే బస్సెక్కాను. సుల్తానాబాద్ దాటిందాకా రెండు పక్కలా నాట్లు పడుతున్నాయి. మంచిర్యాలలో బస్సు మారి, మందమర్రిలో దిగేసరికి ఆయన స్టాండులో నిలబడి ఉన్నాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చొక్కా. కుడిచెవి నావైపు తిప్పి మాట్లాడాడు. రెండో చెవి సరిగా వినబడదట.

ఇంట్లో ఆయన భార్య సర్వపిండి కాలుస్తోంది. "కూసో చెల్లె" అని పీట జరిపి, మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది. ఆయన ఒక కట్టె తెచ్చి గోడ మీద కొట్టాడు.

"గిట్ల కట్టెతోని బాయి కప్పును కొట్టి సూస్తుంటిమి. గట్టిగుంటే కంగుమంటది." తర్వాత మూలనున్న ఖాళీ బియ్యం డబ్బాను కొట్టాడు. "గిట్ల బోలుగ మోగిందనుకోండ్రి, కింద నిలవడొద్దు. కప్పుకు ఆనిచ్చిన కర్రలు గూడ చెప్తయి. బరువు పడ్డకొద్ది కిర్రుమంటయి. ఇనుపయి పెట్టిండ్రు తర్వాత. ఇనుము చెప్పది, ఒక్కపారే వంగుతది. మాకు కర్ర మీదనే నమ్మకం."

నేను రాసుకుంటూ, "ఎప్పుడైనా అట్లా విని తప్పించుకున్నారా అన్నా?" అని అడిగాను.

ఆయన కాసేపు కట్టెను చేతిలో తిప్పాడు.

"ఒకపారి. అన్నం తినడానికి కూసున్నం, ఆరుగురం. అన్నం డబ్బా మూత తీస్తున్న, ఎనక కర్ర టక్కుమన్నది. మల్లొకటి. లేవుండ్రి అని ఒర్లి ఉరికిన. అందరం మలుపు దాటినం, గప్పుడు పడ్డది. మేం కూసున్న జాగ మొత్తం. డబ్బా గాడ్నే పోయింది."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

"ఏ డబ్బా?" అంది ఆమె.

ఆయన కట్టెను గోడకు ఆనించాడు.

"మా అవ్వ పేరు కొట్టిచ్చిన స్టీలు డబ్బానా? బస్సుల మరిచిపోయిన అన్నవు గద."

"అన్న."

"గా దినం నిన్ను ఎంత తిట్టిన. రెండు దినాలు మాట్లాడలే నీతోని."

"తెల్లారి డ్యూటీకి పోయేదుండె" అన్నాడు ఆయన. "చెప్తె పోనిస్తుంటివా?"

ఆమె చేతిలో ఉన్న సర్వపిండిని అలాగే పళ్లెంలో పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన పక్కన వచ్చి కూర్చుంది. ఇట్లాంటివి ఇంకెన్ని ఉన్నాయో చెప్పమంది. నేను నోటుబుక్కు మూశాను. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పినవి ఆమె కోసం చెప్పాడు, నేను పక్కన ఉండి విన్నాను. అన్నాలు తినేసరికి మూడు దాటింది.

పునర్ముద్రణలో ఆ పేజీలన్నీ తిరగరాశాను. కప్పు చిటపటలాడటం, కర్రలు కిర్రుమనడం, పిల్లలు ఆ చప్పుళ్లు వింటూ నిద్రపోవడం. లెక్చరర్ చదివి, మొదటిదే బాగుందన్నాడు. ఆయనతో వాదించలేదు.

పోయిన నెల మందమర్రి దంపతులిద్దరూ పెద్దాయన కంటి ఆపరేషనుకు కరీంనగర్ వచ్చి, డాక్టరు పంపించాక మా ఇంటికి వచ్చారు. ఆయన నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో ఒదిగి కూర్చున్నాడు. కొత్త ప్రతిని ఆమె పక్కింటి కోడలితో చదివించుకుందట. భోజనాల దగ్గర నన్నే అడిగింది.

"చెల్లె, గా పోరి ఆఖరుకు మీదికెక్కి సూర్యుణ్ని సూస్తది గద. అన్నేండ్లు చీకట్ల ఉన్నదాయె. కండ్లు మంచిగున్నయా దానికి?"

ఎవరూ అడగని ప్రశ్న. నేనూ ఆలోచించలేదు. కొద్ది రోజులు నీళ్లు కారి సర్దుకుని ఉంటాయని చెప్పాను.

"మరి గట్లని రాయకపోతివి. నేను పరేషానైన" అంది, పప్పు గిన్నె తనవైపు జరుపుకుంటూ.