ముప్పై ఏడో నంబరు ల్యాంపు

బొగ్గుబాయి దిగేవాళ్లకు టోపీకి తగిలించుకునే క్యాప్ ల్యాంపులు ఇవ్వడం నా డ్యూటీ. ఎవరి ల్యాంపు మీద వాళ్ల నంబరు ఉండేది. ముప్పై ఏడు నా దోస్తుది. పైకప్పు కూలి అతను పోయాక ఆ నంబరు ఇంకెవరికీ ఇవ్వలేదు. మా దగ్గర అది ఆనవాయితీ. ల్యాంపు రూములో అతని ల్యాంపు తగిలించే కొక్కెం ఖాళీగానే ఉండేది.

ఆ రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో ఒక అరచేతి కంప్యూటరు కొన్నాను. మా షిఫ్టు వాళ్ల పేర్లన్నీ ల్యాంపు నంబర్ల వరసలో పెట్టి వెబ్ పేజీ చేద్దామని, పేజీలు తయారుచేసే సాఫ్ట్‌వేర్లు రెండు అందులోకి ఎక్కించాను. మొదటిదాంట్లో ప్రతి అంకె, ప్రతి గుర్తూ మనమే కొట్టాలి. రెండోది మహా తెలివైంది. మనం పేర్లు కొడుతూ పోతే నంబర్లు అదే వేసుకుంటుంది. సంబరపడిపోయి దాన్నే ఎంచుకున్నాను.

పేజీ పూర్తికాగానే ముప్పై ఎనిమిదో నంబరు కాకకు చూపించాను. ఆయన ఆ చిన్న తెర మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"వాని జాగల నన్నెందుకు వెట్టినవ్ రా?"

ముప్పై ఏడు పక్కన కాక పేరుంది. దాని తెలివి తగలెయ్య, ఖాళీని ఖాళీగా వదలడం దానికి చేతకాలేదు.

అక్కడికక్కడే దాన్ని తీసిపారేశాను. మొదటిదాంట్లో ఒక్కో అంకే నేనే కొట్టాను. ముప్పై ఆరు, దాని కింద ముప్పై ఎనిమిది. కాక చూసి తలూపాడు.

కానీ రిటైరయ్యేదాకా, నేనిచ్చిన ల్యాంపు మీది నంబరు పైకి చదువుకోకుండా ఆయన ఒక్కరోజూ బాయి దిగలేదు.