ముందే రాసేసిన కేస్ స్టడీ

దయ్యాలు, దిష్టి, శకునాలు నాకు పట్టవు. అమ్మ దిష్టి తీసి పక్కన పెట్టిన నిమ్మకాయను పులిహోరలో పిండేసిన మనిషిని నేను. ఎమ్మెస్సీ చేసి తుర్కపల్లిలో ఓ ల్యాబ్‌లో నాలుగేళ్లు పనిచేశాను. రుజువు లేనిదే ఏదీ నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

చిన్నపిల్లలకు పాఠాలు చెప్పాలని ఆ ఉద్యోగం మానేసి, ప్రాథమిక విద్యలో పీజీ కోర్సులో చేరాను. మచ్చ బొల్లారంలోని మా ఇంట్లో పెద్ద రభస. "కంపెనీ క్యాబ్‌లో దర్జాగా వెళ్లేదానివి, ఇప్పుడు అఆలు దిద్దిస్తావా?" అని అమ్మ నెల రోజులు నాతో మాటలు మానేసింది.

కోర్సులో ఆరు వారాలు బడిలో పనిచేయాలి. అక్కడ ఒక పిల్లనో పిల్లవాడినో ఎంచుకుని, వారం వారం గమనించి కేస్ స్టడీ రాయాలి. రాయాలి అన్నమాటే గానీ, మా దగ్గర అందరూ ముందే కూర్చుని అల్లేసేవాళ్లు. నేనూ ఒక ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ అదే పని చేశాను. ఏ బడికి పంపుతారో అప్పటికింకా చెప్పలేదు.

నేను అల్లిన పిల్ల పేరు భాగ్య. మూడో తరగతి. ఎడమచేతి వాటం. తల్లి లేదు, అవ్వ పెంచుతోంది. ఇంట్లో మాట్లాడుతుంది గానీ బడిలో నోరు విప్పదు. ఆరో వారం సోమవారం నుంచి బడికి రావడం మానేసింది. ముగింపు బాధగా ఉంటే మార్కులు బాగా పడతాయని సీనియర్లు చెప్పారు.

నాలుగు రోజులకు దేవరయాంజాల్ వైపు ఒక బడి ఇచ్చారు. మొదటి రోజు మూడో తరగతి హాజరు పిలుస్తుంటే భాగ్య పేరు వచ్చింది. ఎంతమంది భాగ్యలు లేరులే అనుకున్నాను. ఆ పిల్ల పలకలేదు. పక్కనున్న అమ్మాయి లేచి, "అది మాట్లాడది టీచర్. ఇంటికాడ ఆళ్ల అవ్వతోనే మాట్లాడుతది" అంది. భాగ్య తల వంచుకుని ఎడమచేత్తో ఏదో రాసుకుంటోంది. తర్వాతి పేరు పిలవడం మరిచిపోయి ఆ చేతినే చూస్తుండిపోయాను.

కాకతాళీయమని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ వైపు అంతకుముందు ఎన్నడూ వెళ్లలేదు, తెలిసినవాళ్లూ లేరు. నేను రాసిన కేస్ స్టడీ రికార్డులో, ఆరో వారం ఉన్న చివరి పేజీ చింపేశాను. అయినా ఆరో వారం దగ్గరపడేకొద్దీ అన్నం సయించలేదు. అప్పటికే ఆ పిల్లంటే నాకు ప్రాణం. లెక్క చేసి చూపించడానికి చున్నీ పట్టుకు లాగేది.

ఐదో వారం శనివారం బడి వదిలాక వాళ్లింటికి వెళ్లాను. "సోమవారం నుంచి భాగ్యను బడి మాన్పిస్తున్నారా?" అని అడిగేశాను. అవ్వ చేతిలో చాట కింద పెట్టి నన్నే చూసింది.

"నీకెవలు జెప్పిన్రు బిడ్డా? రేపు దాన్ని మేనత్త ఇంటికి తోల్దామనుకున్న. నా కొడుక్కు సుత ఇంక జెప్పలే. మోకాళ్లు లేస్తలేవు, రోడ్డు దాటించుడు నాతోని అయితలేదు."

అక్కడికి వెళితే చంటిపిల్లల్ని ఆడించడమే తప్ప చదువు సాగదని అవ్వకూ తెలుసు. రోజూ నేనే తీసుకెళ్లి దింపుతానని, నా ఆరు వారాలు అయ్యాక కూడా ఎవరినో ఒకరిని కుదురుస్తానని బతిమాలాను. అవ్వ చాట మళ్లీ చేతిలోకి తీసుకుని, "గట్లనే కానియ్. నీ మాట మీద ఉంచుతున్న" అంది.

సోమవారం భాగ్య నా వేలు పట్టుకుని బడికి వచ్చింది. ఒక్క మాటా మాట్లాడలేదు. నేను మాత్రం గేటు దగ్గరే ఏడ్చేశాను, పిల్లలందరూ చూస్తున్నా సరే.

ఇప్పుడు నేనూ టీచర్నే. భాగ్య ఐదో తరగతి చదువుతోంది. చూడని పిల్ల ఆ మధ్యాహ్నం నా కాగితం మీదకు ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా అంతుపట్టదు. అలా కలుస్తాయిలే అంటారు స్నేహితులు. నేనూ కాదనను.

ఒక్క సంగతి మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆ ఆదివారం కేస్ స్టడీకి ముగింపుగా ముందు నేను అనుకున్నది బడి మానేయడం కాదు. జ్వరం వచ్చి చనిపోయిందని రాద్దామనుకున్నాను. అంత రాయడానికి పేజీలో చోటు లేక ఊరుకున్నాను.