మూడు వారాల్లో నాలుగడుగులు

మొన్న మా కింది వాటావాళ్ళ మనవడు గోడ వదిలి నాలుగడుగులు వేశాడట, ఆ సంబరానికి మిఠాయి కొట్టు నుంచి తెప్పించిన అరిసెల పెట్టె ఒకటి మా ఇంటికీ పంపారు. మూత తీసి చూస్తే ఒక్కో అరిసె నా అరచేతిలో నాలుగో వంతు లేదు, పెట్టె మీద మాత్రం బుజ్జి పాదాల బొమ్మలు ముచ్చటగా అచ్చువేశారు. మన చిన్నతనంలో పిల్ల బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు ఇంట్లోనే వండి వీధంతా పంచేవారని మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ పెట్టె ఒళ్ళో పెట్టుకుని తినడం మరిచిపోయి, నాలో నేనే నవ్వుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఎందుకంటే ఈ జన్మలో నన్ను బాగా సిగ్గుపడేలా చేసినవీ, బాగా సంతోషపెట్టినవీ కూడా అరిసెలే.

ఫిజియోథెరపిస్టుగా పదిహేనేళ్ళు పెద్దవాళ్ళ మోకాళ్ళూ నడుములూ చూసి, నలభై దాటాక, అంటే రెండువేల పన్నెండు, పదమూడు ప్రాంతాల్లో, విజయనగరంలో ఒళ్ళు స్వాధీనంలో లేని పిల్లల కోసం నడిపే ఒక చిన్న కేంద్రంలో చేరాను. మోకాళ్ళ సంగతి మన వయసువాళ్ళకు కొత్తేమీ కాదు, రోగి మూలుగుతాడు, మనం ఓదారుస్తాం, మర్నాడు మళ్ళీ అదే. పిల్లల దగ్గర ఆ పప్పులుడకవని చేరిన వారానికే తెలిసింది. అక్కడి పద్ధతి కూడా వేరు. వారానికోసారి వచ్చి పోవడం కాకుండా, ఏడాదికి రెండుసార్లు, మూడేసి వారాలపాటు పిల్లనీ తోడు వచ్చినవాళ్ళనీ అక్కడే ఉంచుకుని, ఆదివారం తప్ప ప్రతిరోజూ పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు విడవకుండా వ్యాయామం చేయించేవాళ్ళం. జనం దాన్ని క్యాంపు అనేవారు. వెనక వరసగా ఆరు గదులు, అందరికీ కలిపి ఒక వంటపాక, ఒక కొళాయి ఉండేవి, బొబ్బిలి వైపు రైతులూ సముద్రపు ఒడ్డు పల్లెలవాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర వంతులేసుకుని వండుకుంటూ, మూడో రోజుకల్లా ఒకరి పిల్లను ఒకరు కసురుకునేంత చుట్టాలైపోయేవారు.

అలాంటి ఒక క్యాంపుకి ఒక మామ్మ తన మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. పిల్లకి ఏడేళ్ళు. పుట్టగానే ఏడవలేదట, అప్పటినుంచీ కాళ్ళూ చేతులూ బిగుసుకుపోవడం, నడుము నిలవకపోవడం. తండ్రి గుజరాత్ వైపు పడవల మీద వేటకి వెళితే నెలల తరబడి రాడు, తల్లి రొయ్యల ఫ్యాక్టరీకి పోతుంది, కనుక పిల్ల బాధ్యతంతా మామ్మదే. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగిన మనిషి, ఈ పిల్ల కోసం తట్ట మానేసింది. కింద దించాలంటే పడుకోబెట్టాల్సిందే, పడుకోబెడితే పిల్ల ఇంటి కప్పు చూస్తూ ఉండాల్సిందే, అది చూడలేక రోజంతా ఎత్తుకునే ఉండేది. పిల్ల ఏటేటా బరువెక్కుతోంది, మామ్మ ఏటేటా వంగుతోంది.

మొదటి రోజు నా ఎదుట కూర్చుని, "నాను ఉన్నన్నాళ్ళు మోస్తానమ్మా, నా నడుం ఒగ్గేసిన్నాడు ఈ గుంటనెవులు మోస్తారు, అదీ నా బెంగ" అంది. ఆ మాట విని ఊరుకుంటే బాగుండేది. అంతకుముందు క్యాంపులో ఒక పిల్లవాడు నా చేతుల మీదే నడక నేర్చాడు, ఆ గర్వం ఇంకా నెత్తిమీదే ఉంది. మూడు వారాలు నాకు వదిలేయండి, నాలుగడుగులు వేయించే పంపుతాను అనేశాను. ఆ పిల్ల కాళ్ళని సరిగ్గా పరీక్షించకముందే అన్న మాట అది.

పిల్ల మహా గడుసుది. మాట నిదానంగా, సాగదీసినట్టు వచ్చేది గాని, మామ్మతో పాటు చేపల రేవులో పెరిగిన నోరు కదా, బిగుసుకున్న తొడలు నేను సాగదీస్తుంటే తిట్టే తిట్లు వినడానికి పక్క గదులవాళ్ళు వచ్చి నిలబడేవారు. నన్ను "ఓ డాట్రా" అని పిలిచేది. పొద్దున పెద్ద బంతి మీద కూర్చోబెట్టి అటూ ఇటూ ఊపడం, తర్వాత పొట్టి బల్ల మీద కూర్చోబెట్టి పాదాలు నేలకానించి ముందుకీ పక్కకీ వంగేలా చేయడం, ఇవన్నీ నా దృష్టిలో అసలు పనికి ముందు చేసే చిల్లర పనులు. సాయంత్రం కాళ్ళకి బద్దలు కట్టి రెండు ఇనప కమ్మీల మధ్య నిలబెట్టడమే అసలు పని అనుకునేదాన్ని. పొద్దున్నంతా మామ్మ పక్కనే కూర్చుని నడుము చుట్టూ చెయ్యి వేసి పట్టుకునేది. వదలండి అంటే వదిలినట్టే వదిలి, నేను తల తిప్పగానే చెయ్యి మళ్ళీ అక్కడికే చేరేది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు, నా కళ్ళెప్పుడూ పిల్ల పాదాల మీదే ఉండేవి.

రెండు వారాలు గడిచాయి. కమ్మీల మధ్య పిల్ల కర్రలా నిలబడేది గాని, ఒక కాలు కదిపితే రెండోది దానికి అడ్డంగా వచ్చి మెలిపడిపోయేది. మూడో వారం నాటికి నాకు తెలిసిపోయింది, నాలుగు కాదు కదా, ఒక్క అడుగు కూడా పడదు. ఈ సంగతి మామ్మకి ఎలా చెప్పాలా అని తంటాలు పడుతుండగా గురువారం పొద్దున, బొబ్బిలి వైపు నుంచి కొడుకుని తీసుకొచ్చిన ఒక తల్లి నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పింది, "మేడమ్, మామ్మ ఊరికి ఫోను సేసీసింది. అరిసెలకి బియ్యం నానేసీసినారంట. శనివారం ఈదంతా వేనెక్కి వస్తన్నారు, పిల్ల అడుగు సూడ్డానికి."

ఏ పిల్లకైనా అడుగు పడ్డాకే కదా బియ్యం నానబోస్తారు, ఈవిడ నా మాట మీద ముందే నానబోయించింది. ఏడేళ్ళుగా ఆ ఇంట్లో ఈ పిల్ల పేరు చెప్పి బొబ్బట్లూ లేవు, అరిసెలూ లేవు. చెప్పేద్దామని కొళాయి దగ్గరికి వెళ్ళాను. పిల్లని ఒళ్ళో ఆనించుకునే బట్టలు పిండుతున్న మామ్మ నన్ను చూసి, "నువ్వు మాటిచ్చినావు గదమ్మా, నాకింకేటి భయం" అంది. నేను రాత్రి దోమలు కుట్టాయా అని అడిగి వెనక్కి వచ్చేశాను. పేరుకు డాక్టరమ్మని, నా ధైర్యం మాత్రం అంతే.

శనివారం సాయంత్రం వ్యాను వచ్చింది. పాతికమంది ఆడవాళ్ళు, కొత్త కోకలు, తలల్లో కనకాంబరాలు, మధ్యలో గుడ్డ మూత కట్టిన పెద్ద తట్ట. హాలంతా బెల్లం వాసన. అందరూ చాపల మీద సర్దుకుని పిల్ల వంక చూశారు, తర్వాత నా వంక చూశారు. ఇక తప్పదని లేచి నిలబడి, పిల్ల అడుగు వేయలేదు, వేయిస్తానని అనడం నా నోటి దూల, ఇందులో మామ్మ తప్పు గాని పిల్ల తప్పు గాని ఏమీ లేదు అని చెప్పేశాను. మామ్మ మొహం చిన్నబోయింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

పిల్లకి మాత్రం ఇవేవీ పట్టలేదు. పొట్టి బల్ల మీద మామ్మ పక్కన కూర్చుని, "అరిసె ఇయ్యే మామ్మా" అంది. మామ్మ ఒంగి తట్ట ముడి విప్పబోయింది. ముడి బిగుసుకుపోయింది, రెండు చేతులూ పెట్టి లాగింది, రాకపోతే లేచి తట్ట ముందు చతికిలబడి పళ్ళతో లాగింది. ముడి వచ్చాక ఒక అరిసె పిల్ల చేతిలో పెట్టి, చుట్టాలకి పంచడానికి అటు వెళ్ళిపోయింది. దించుకున్న తలతోనే వెళ్ళింది, పరధ్యానంలో పిల్ల నడుము చుట్టూ వేయాల్సిన చెయ్యి సంగతే మరిచిపోయింది.

పిల్ల కూర్చునే ఉంది. రెండు చేతులతో అరిసె పట్టుకుని, ముందుకి తూలి, మళ్ళీ తనే సర్దుకుని, కొరుక్కుని తింటోంది. అరిస్తే ఉలిక్కిపడి ఒళ్ళు బిగుసుకుపోయి పడిపోతుందని, చప్పుడు చేయకుండా వెళ్ళి దాని వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాను, చేతులు చాచి, తాకకుండా. అది అరిసె నములుతూనే ఆ పిన్నికి రెండియ్యి, ఈ అత్తకి ఒకటి సాలు అని మామ్మకి పెత్తనం చేస్తోంది. హాలు ఆ చివరి దాకా పంచి, ఇటు తిరిగిన మామ్మ అక్కడే ఆగిపోయింది.

"నిన్నెవులే పట్టుకున్నారు?" అంది.

"ఎవులూ నేరు. నానే కూకున్నాను."

మామ్మ పిల్ల వైపు రాలేదు. వస్తే మళ్ళీ పట్టుకుంటానని భయపడిందేమో. అందరి వంకా చూసి, "కూకున్న పిల్లకి ఏటి వండుతారో నాకు తెలీదు. ఇప్పుడికి అరిసెలే అనుకోండి" అంది. ఆడవాళ్ళంతా ఒక్కసారి నవ్వేశారు, నేను నవ్వుతూనే ఏడ్చాను. మామ్మ చేతులు కడుక్కుంటానని పిల్లని అలాగే వదిలి కొళాయి దగ్గరికి వెళ్ళింది, చాలాసేపు అక్కడే ఉంది. మూడు వారాల్లో ఆ మనిషి తెలిసి తెలిసి పిల్లకి చెయ్యి దూరం దాటి వెళ్ళడం నేను చూడటం అదే మొదలు. నేను చిల్లర పని అనుకున్నదే అసలు పని అని, ఆ నడుము ఎన్ని రోజుల నుంచో నిలవగలుగుతున్నా ఎవరూ వదలక మాకు తెలియలేదని, అప్పుడర్థమైంది.

మరుసటేడు వాళ్ళ పల్లెకి వెళ్ళాను. పడవలు చేసే వడ్రంగి చేసిచ్చిన బల్ల మీద, తాటాకు నీడలో పిల్ల కూర్చుని, పొడుగాటి వెదురు కర్రతో ఎండుచేపల మీద వాలే కాకుల్ని తోలుతోంది, నోటితో సగం, కర్రతో సగం. మామ్మ మళ్ళీ తట్టెత్తుకుని ఊళ్ళమీద పోయిందట, సాయంత్రం దాకా రాదట. ఆ రోజు నేను ఆవిణ్ణి కలవలేదు. కలవకపోవడమే నాకు తృప్తి అనిపించింది.

ఆ పిల్ల ఈనాటికీ నడవలేదు, చక్రాల కుర్చీలో తిరుగుతోంది. మామ్మ పోయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు ఆ కేంద్రంలో నా తర్వాత వచ్చిన అమ్మాయిలు ఏం సాధించాలో మొదటిరోజే కాగితం మీద రాసుకుంటున్నారు, జరగనివి చెప్పి ఎవరినీ ఆశపెట్టరు, అలా రాయమని నేర్పిందాన్ని నేనే. పిల్లల్ని ఏడాది నిండకుండానే తెస్తున్నారు, చేతులు ఎప్పుడు వదలాలో తల్లులకి మొదటి వారంలోనే నేర్పుతున్నారు. ఏడేళ్ళు ఒకరి చంకన పెరిగే పిల్లలు ఇక ఉండరు, ఉండకూడదనే కదా మేమంతా పాటుపడింది. సంతోషించవలసిన విషయమే, సంతోషంగానే ఉంది. కాకపోతే ఏడేళ్ళు పట్టుకున్న చెయ్యి తనకి తెలియకుండానే వదిలేసి, అల్లంత దూరం నుంచి వెనక్కి తిరిగి చూసిన మనిషి ముఖాన్ని ఈ అమ్మాయిలు ఎప్పటికీ చూడరు, అదొక్కటే వాళ్ళకి నేను నేర్పలేకపోయాను.