రహస్యం అడగని ఆజ్ఞలు

మా కంప్యూటర్ సార్ పోయారు. గుండె ఆగి, ఇంట్లోనే పోయారు. మహారాష్ట్ర అంచున ఉన్న మా సిరోంచలో ఆ వార్త వెంటే ఇంకో మాట తిరుగుతోంది: జనాన్ని బిట్‌కాయిన్లలో ముంచిన పాపం తగిలిందట. ఆ మాట నిజమై కూర్చోకముందే రాయాలని ఇవాళే రాస్తున్నాను.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేను. ఆదివారాలు గ్రంథాలయం వరండాలో సార్ పాఠాలు వినేదాన్ని. కంప్యూటర్లలోనే ఉండే డబ్బు బిట్‌కాయిన్ చేతులు మారే తీరును ఆయన మోదుగాకు విస్తర్లతో చూపించేవారు. అడుగున సొంతదారు సంతకం ఒక విస్తరి. దాని మీద, అందరూ చూడదగ్గ ‘పబ్లిక్ కీ’ అనే సంఖ్య. తర్వాత కంప్యూటర్‌కు ఆజ్ఞలు వరుసగా వస్తాయి. ‘డూప్’ అంటే పై విస్తరికి నకలు. ‘హ్యాష్’ ఆ నకలును చిన్న గుర్తుగా మారుస్తుంది. కాయిన్ మీద ముందే రాసి ఉన్న గుర్తుతో అది కలవకపోతే పని అక్కడే ఆగిపోతుంది. కలిస్తే, చివరి ఆజ్ఞ మిగిలిన పబ్లిక్ కీతో సంతకాన్ని సరిచూస్తుంది. సరిపోతేనే కాయిన్ కదులుతుంది.

"మరి సంతకం పుట్టించే రహస్య సంఖ్య ఏ ఆజ్ఞకు ఇయ్యాలె సార్?" అని అడిగాను.

"చూడు బిడ్డా, గిన్ని ఆజ్ఞలల్ల రహస్యం అడిగేది ఒక్కటన్న ఉన్నదా? మిషనే అడుగుతలేదు. అడిగేటోడు దొంగ."

చెవి మీద పెట్టుకున్న పెన్ను కోసం జేబులు తడుముకునే మనిషి. ఈ మాట మాత్రం ఏ ఆదివారమూ మరచిపోలేదు.

మా మేనమామ ఆ పాఠాలకు రాలేదు. ఒక ఏజెంటు ఆయనతో ఫోన్‌లో కాయిన్లు కొనిపించి, ఆ రహస్య సంఖ్యకు మూలమైన పదాలు చెప్పమన్నాడు. తహసీల్ ఆఫీసుకు పోతే చదువుకున్నవాడి చేతిలో కాగితాలన్నీ పెట్టి పక్కన నిలబడటం మా వాళ్లకు తరాల అలవాటు. మామ అలాగే చెప్పేశాడు. కాయిన్లు పోయాయి. ఏజెంటూ పోయాడు. తిట్టడానికి దొరికింది సార్ ఒక్కరే.

"ఓ కాయిన్ సారూ, కొంపలు ముంచుడు మంచిగ నేర్పినవ్!" అని నడిబజార్లో నిలదీశాడు మామ.

"జర కూసో తమ్మీ. ఠాణాల ఫిర్యాదు ఇద్దాం పా" అన్నారు సార్.

మరాఠీలో ఆ ఫిర్యాదు రాసిచ్చింది ఆయనే. ఆ సంగతి మామ ఎవరికీ చెప్పడు. నాకు ఒళ్లు మండేది అందుకే.

గ్రంథాలయ కమిటీ ఇప్పుడు పాఠాలు ఆపేసింది. సంతాప సభ పెట్టమంటే, "ఊరు జర చల్లారనియ్ అమ్మా" అన్నారు పెద్దలు. సార్ చితి చల్లారింది. ఇంకేం చల్లారాలి? మొన్న మా తాలూకాలోనే రేగుంటలో ఇంకో ఏజెంటు రైతుల ఫోన్లు ముందేసుకుని కూర్చున్నాడు.

ఇది చదివే అందరి ముందూ కమిటీని అడుగుతున్నాను. సార్ పేరు చెప్పి ఆ పాఠాలు నేను చెబుతాను. వరండా ఇస్తారా, ఇవ్వరా? వచ్చే శనివారం లోపు జవాబివ్వండి. ఇవ్వకపోయినా ఆదివారం పొద్దున వస్తాను. చాప నేనే తెచ్చుకుంటాను.