బావ మంచిగుందన్న బండి

పాత బండి చూసిపెట్టమని అడిగేవాళ్లంటే నాకు అప్పట్లోనే విసుగు. ఎయిర్‌పోర్టు మొదలైన ఏడాది నుంచి శంషాబాద్‌లో టాక్సీ నడుపుతున్నాను కాబట్టి చుట్టుపక్కల ఎవరు పాత కారు కొనాలన్నా నన్ను లాక్కుపోయేవాళ్లు. బండి బాగా నడిస్తే అది వాళ్ల అదృష్టం. చెడిపోతే మాత్రం నా పేరు చెప్పేవాళ్లు. సెలవు రోజున కాళ్లు చాపుకుని పడుకుందామంటే గుమ్మంలో ఎవడో ఒకడు, "అన్నా, జర వచ్చి చూడరాదే" అని నిలబడి ఉండేవాడు.

అయినా వెళ్లేవాణ్ణి. వెళ్తే సరిగ్గానే చూసేవాణ్ణి. నాకో వరస ఉండేది. ముందు ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టేవాణ్ణి. వెచ్చగా ఉందంటే మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎంత మొరాయిస్తుందో మన కంట పడకూడదని. తర్వాత ఇంజను నడుస్తుండగా ఆయిల్ మూత తీయాలి. గుప్పుగుప్పున పొగ కొడితే లోపల అరిగిపోయినట్టే. టైర్లు ఒక పక్కనే అరిగాయంటే ఎక్కడో గుద్దుకున్న బండి. తలుపు రబ్బరు పీకి చూడాలి, రేకు మీద వేళ్లతో కొట్టి వినాలి, చివరికి కాళ్ల కింది మ్యాట్ లేపి చూడాలి. పైన మెరిసేది చూడొద్దు, మ్యాట్ కింద చూడండి అని అందరికీ చెప్పిందీ నేనే.

మా బామ్మర్ది శంషాబాద్ పక్కనే పాల్మాకులలో ఉండేవాడు. నా భార్యకు ఒక్కడే తమ్ముడు. గగన్‌పహాడ్‌లో ఒక ఫ్యాక్టరీలో పని. ఉన్న చెలక భూమి అమ్మి ఇల్లు కట్టుకోగా మిగిలిన దానితో ఒక పాత కారు కొని ఎయిర్‌పోర్టులో పెట్టుకోవాలని వాడి ఆశ. అక్కడ సరుకు దించే చోట పనిచేసేవాళ్లను రోజూ ఇళ్ల దగ్గర ఎక్కించుకుని తెచ్చి దించే పని ఒకటుంటే నేనే మాట్లాడి పెట్టాను. ఒకటో తారీఖుకల్లా బండితో రావాలన్నాడు మేనేజర్. ఆ మాట నమ్ముకుని వీడు ఫ్యాక్టరీ మానేశాడు. ఇద్దరు చిన్నపిల్లలు, ముసలి తల్లిదండ్రులు. ఇక ఆ బండి నడిస్తేనే ఇల్లు నడిచేది.

జల్‌పల్లి దిక్కు ఒకతను ఎనిమిదేళ్ల బండి అమ్ముతున్నాడని తెలిసి నాకు కబురు పెట్టారు. అప్పటికి రెండు రోజులుగా వరుస డ్యూటీలు, కళ్లు మండుతున్నాయి. నేరుగా వెళ్లి బండి చూసేసి, ఇంటికి పోయి పడుకుందామనుకున్నాను. అత్తగారింట్లో నా పప్పులు ఉడకలేదు. ఇంటల్లుడు పని మీద వచ్చినా సరే, ముందు కోడి, తర్వాతే పని.

"ఉత్త కడుపుతోని పంపిస్తె నలుగురు నవ్వరా?" అంది అత్త తలుపు చాటు నుంచి, నాతో కాకుండా గోడతో అన్నట్టు.

రాత్రికి మళ్లీ డ్యూటీ ఉంది, కల్లు వద్దన్నాను. కల్లు తప్పింది గానీ కూర తప్పలేదు. మామ పక్కనే కూర్చుని నా కంచంలో ముక్క మీద ముక్క వేయించాడు. "బండ్ల సంగతి మాకేమెరుక అల్లుడా. నువ్వు ఊ అంటె ఊ, వద్దంటె వద్దు. నీ మాట మీద ఇంకో మాట లేదు" అన్నాడు. అది మర్యాద అనుకున్నాను. నెత్తిన పెడుతున్న బరువని తట్టలేదు. పైగా లోపల కొంచెం పొంగిపోయాను కూడా.

బామ్మర్ది మోటర్ సైకిల్ వెనక కూర్చుని జల్‌పల్లి చేరేసరికి మూడు దాటింది. కడుపు నిండా అన్నం, నెత్తి మీద ఎండ, దారి పొడవునా కునికిపాట్లు. బండి తెల్లగా కడిగి నీడన పెట్టి ఉంది. బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

"గిప్పుడే బయటికి పోయొచ్చిన అన్నా" అన్నాడు అమ్మేవాడు, నేను అడక్కుండానే.

ఇంకో రోజైతే చల్లారేదాకా ఇక్కడే కూర్చుంటానని మొండికేసేవాణ్ణి. ఆ రోజు ఆ ఓపిక లేదు. ఆయిల్ మూత తీశాను, పొగ రాలేదు. టైర్లు కొత్తవి. కొత్త టైర్లు పాత సంగతులు చెప్పవని తెలిసి కూడా సంతోషించాను. రోడ్డు మీద కొంత దూరం తిప్పి తెచ్చాను, బాగానే నడిచింది.

"మ్యాట్లు గిట్ల లేపి చూస్తరా?" అని ఆ మనిషే అడిగాడు.

లేపాలంటే మోకాళ్ల మీద వంగాలి. నడుము వద్దంది. "అక్కర్లేదు తియ్యి, కాగితాలు చూపియ్యి" అని అతని వెంట ఇంట్లోకి వెళ్లాను. లోపల ఫ్యాను కింద కాగితాలు చూస్తూ కాసేపు కూర్చున్నాను. నిజం చెప్పాలంటే కూర్చోవడానికే వెళ్లాను. బయటికి వచ్చి, బండి పక్కన నిలబడి ఉన్న బామ్మర్దితో, "మంచిగుంది, తీస్కో" అన్నాను. వాడు నా మొహంలోకి చూసి, "సరే బావా" అన్నాడు.

అల్లుడు చూసిన బండి అని మామ ఊరంతా చెప్పుకున్నాడు. రెండు నెలలు ఏ గొడవా లేదు. మూడో నెలలో వానలు పట్టుకున్నాయి. ఒక ఉదయం వెనక సీట్లో కూర్చున్న ఒకామె కాలు మోపగానే కింది రేకు విరిగి చెప్పు లోపలికి దిగబడింది. దెబ్బ తగల్లేదు. కానీ మేనేజర్ ఆ పూటే బండి ఆపేశాడు. ఇలాంటి దాంట్లో మా మనుషుల్ని ఎక్కించం అన్నాడు. న్యాయమే, నేనైనా అదే అనేవాణ్ణి.

గగన్‌పహాడ్‌లో మెకానిక్ దగ్గరికి తీసుకుపోయాం. మ్యాట్ మొత్తం లేపేసరికి కింద రేకు అప్పడంలా ఉంది. తుప్పు మీద రేకుముక్కలు అతికించి నల్లరంగు పూశారు. ఎప్పుడో గుద్దుకుంటే అడుగున వెల్డింగ్ కూడా చేయించారు. దీనికి పెట్టే ఖర్చుతో ఇంకో పాత బండి వస్తుంది, ఇనుప సామానుకు వెయ్యండన్నాడు మెకానిక్.

"దీన్ని ఎవరు చూసి కొనిచ్చిండ్రన్నా? కండ్లున్నోడేనా?" అని కూడా అన్నాడు.

నేను వంగి, లేపిన మ్యాట్ మళ్లీ సర్దసాగాను. ఊరందరికీ పాఠాలు చెప్పినవాణ్ణి.

"నేనే చూస్కున్న. తెల్వక తీస్కున్న" అన్నాడు బామ్మర్ది.

చాయ్ తాగుదామని వాణ్ణి రోడ్డు మీదికి తీసుకొచ్చాను. "అట్లెందుకన్నవ్? చూసింది నేను గద" అన్నాను.

"నేను గూడ చూసిన బావా" అన్నాడు వాడు, చాయ్ గ్లాసు వంకే చూస్తూ. "నువ్వు కాగితాలకు లోపలికి పోయినప్పుడు మ్యాట్ లేపిన. నల్లరంగు సందుల్ల తుప్పు కనవడ్డది."

"మరి చెప్పవేందిరా?"

"ఎట్ల చెప్త బావా? నువ్వు బయటికి రాంగనే మంచిగుందన్నవ్. అమ్మెటోని ముంగట నీ మాట తీసేసినట్టు గాదా? బాపుకు తెలిస్తే ఊకుంటడా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ముందు వాడి మీద మండింది, రేకు చూసి కూడా నోరు మూసుకున్నందుకు. తర్వాత అమ్మినవాణ్ణి తిట్టుకుందామని చూశాను, అదీ కుదరలేదు. మ్యాట్ లేపి చూస్తారా అని వాడే అడిగాడు కదా. బావ పరువు పోకూడదని ఈ పిచ్చివాడు బతుకుదెరువు పోగొట్టుకున్నాడు. ఆ పరువేమో ఫ్యాను కింద కూర్చుని కునుకు తీసింది. నాకు సిగ్గేసింది. ఇప్పటికీ వేస్తుంది.

బండి ఇనుప సామానుకే పోయింది. ఫ్యాక్టరీలో వాడి పాత పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. లారీల్లోకి మూటలు ఎత్తడానికి రోజుకూలీగా అయితే రమ్మన్నారు. ఆదివారం మా ఇంటికి వచ్చాడు. వాళ్లక్క ఇచ్చిన మంచినీళ్లు తాగి, నా ఎదురుగా కూర్చున్నాడు.

"రేపటి సంది రమ్మంటున్నరు బావా. పొమ్మంటవా?"

"నీ ఇష్టంరా. ఇగ నన్ను ఏదీ అడగకు" అన్నాను, కొంచెం గట్టిగానే.

వాడు తలూపాడు. కానీ లేవలేదు. నేను పొమ్మనేదాకా అలాగే కూర్చున్నాడు.