తుపాకి కడిగిన నీళ్ళు

నా చిన్నప్పుడు తంగళ్ళపల్లి దగ్గరి మా ఊళ్ళో జ్వరానికి మందు మా ఇంట్లోనే దొరికేది. అది మా తాతయ్య తుపాకి కడిగిన నీళ్ళు.

రజాకార్ల కాలంలో ఊరివాళ్ళు వడిసెలలు, కర్రలు పట్టుకుని కాపలా కాస్తుంటే, మా తాతయ్య ఆ తుపాకితో ఏడుగురిని కూల్చాడని చెప్పుకునేవారు. నేను పుట్టకముందే ఆయన పోయాడు. తుపాకి మాత్రం మగ్గాల గదిలో గోడకు ఉండేది. దసరాకు దానికి పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళం. ఏడుగురిని తిన్న ఇనుముకు జ్వరం ఒక లెక్కా అని జనం నమ్మకం. ఆ కథ చెప్పి నేనూ బడిలో మిడిసిపడేదాన్ని.

ఒక ముసురు రోజు పొద్దున పక్కింటి చిన్నమ్మ ఏడాది పిల్లను ఎత్తుకుని వచ్చింది. మూడు రోజులుగా ఆ నీళ్ళే తాగిస్తోంది. పిల్ల కళ్ళు తేలేసింది.

"ఇంకో చెంబెడు ఇయ్యి చిన్నత్తా" అని మా నాయనమ్మను బతిమాలింది.

"దవాఖానకు తీస్కపోవే."

"సూది ఏపిస్తే తుపాకికి కోపమొస్తదట."

నాయనమ్మ ఆమెను మగ్గాల గదిలోకి తీసుకెళ్ళింది. తుపాకి దించి, గొట్టం చిన్నమ్మ వైపు తిప్పింది.

"ఏలు పెట్టు."

చిన్నమ్మ భయపడుతూనే పెట్టింది. రెండో కణుపు దగ్గర వేలు ఆగిపోయింది. ఆపైన అంతా గట్టి ఇనుమే.

"బెదిరియ్యనీకి కమ్మరాయనతోని చేపిచ్చిండు మీ మామ. దీంట్లకెళ్ళి తూట ఎట్లొస్తదే? గా రజాకార్లు నిజంగ అచ్చిననాడు ఇద్దరం జొన్నచేన్ల దాక్కొని పండుకున్నం. గజగజ వణికిండు. ఉరికిండు గనుకనే బతికిండు. ఇగ నడువు, బస్సు పోతది."

మా నాయన మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. "ఇంటి పరువంత తీస్తివి కదనే అవ్వా!"

"పరువుకు జరం రాలేదురా. పొల్లకు అచ్చింది."

ఆమే వెంటబెట్టుకుని సిరిసిల్ల దవాఖానకు తీసుకెళ్ళింది. పిల్ల బతికింది.

మూఢనమ్మకాల మీద తర్వాత నేను ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. ఎదుటివాళ్ళ దేవుళ్ళను ప్రశ్నించడం నాకు సులువుగానే వచ్చింది. సొంత ఇంటి గొప్పను తన చేతులతో కూల్చుకుని నిజం చెప్పిన మనిషిని మాత్రం ఆమెనొక్కతెనే చూశాను.

ఆ రోజు నుంచి ఊళ్ళో మాకు 'ఉత్త తుపాకోళ్ళు' అని పేరు పడింది. బడిలో ఆ పేరుకు ఎంత ఏడ్చానో! ఇప్పటికీ ఊరికి పోతే ఎవరో ఒక ముసలాయన అరుగు మీంచి అడుగుతాడు: "ఎవలు? ఉత్త తుపాకోళ్ళ బిడ్డవా?"

"ఔ మామా, గా ఇంటిదాన్నే" అంటాను, ఆగి నిలబడి.